బర్గండీ తోటల్లో సైకిల్ తొక్కే ముందు

చి.ల.సౌ. ఉషకి, మేనత్త ఆశీస్సులు.

నువ్వూ కిరణ్ ఫ్రాన్స్‌లో బర్గండీ ప్రాంతంలోని మా దిజోన్ వచ్చి మా ఇంట్లో ఉండి, ద్రాక్షతోటల్లో, అడవుల్లో కార్లు తగలని దారులు చూసుకుని సైకిల్ తొక్కుతామని రాశావు. చదివి చాలా సంతోషించాను. యానాం నుంచి పెళ్ళయి ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ ఈ చుట్టుపక్కల పల్లెల్ని నేను ఎక్కువగా సైకిల్ మీదే చూశాను. తెలిసినంత వరకు వివరంగా రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

హైదరాబాద్‌లో ఔటర్ పక్కన సోలార్ కప్పు కింద తొక్కిన అలవాటు మీ కాళ్ళకి పనికొస్తుంది. అయితే ఆ ట్రాక్ సైకిళ్ళ కోసమే వేశారు. ఇక్కడ తోటల మధ్య కనిపించే కంకర దారులు తోటపని కోసం వేసినవి. అడవిలోవి కలప తోలుకెళ్ళడానికి వేసినవి. కార్లు రాకపోవడానికి కారణం కూడా అదే. ఆ దారిలో ఆ గంటకి ఎవరి పని నడుస్తోందో తెలిస్తే ప్రయాణం హాయిగా సాగుతుంది. తెలియకపోతే ప్రతి మలుపులోనూ ఎవరికో అడ్డం వస్తాం.

ముందు నేల తీరు చెప్తాను. దిజోన్ నుంచి దక్షిణంగా సాంతనే వరకు సుమారు అరవై కిలోమీటర్ల పొడవున ఒక కొండవాలు ఉంది. దాని ముఖం తూర్పుకి. పేరున్న తోటలన్నీ ఆ వాలు మీదే, సన్నటి పట్టీగా ఉంటాయి. కొన్ని చోట్ల ఆ పట్టీ కిలోమీటరు వెడల్పు కూడా ఉండదు. పైకి వెళ్ళేకొద్దీ మట్టి పల్చబడి, చలి పెరిగి, ద్రాక్షకి పనికిరాదు. అందుకే కొండ నెత్తిన అడవి మిగిలింది. కింద మైదానంలో బరువైన బంకమట్టి, అక్కడ సితో అనే ఓక్ చెట్ల అడవి. కార్లూ లారీలూ ఎక్కువగా కొండ కింద నుంచి పోయే డి-974 రోడ్డు మీదే తిరుగుతాయి. నువ్వు దానికి పడమటి వైపు, వాలు మీదకి ఎక్కేస్తే చాలు, ఆ గోల వెనకపడిపోతుంది.

ఇప్పుడు రోజుల లెక్క. సెప్టెంబర్లో వస్తే కోతలు చూడొచ్చని కిరణ్ అన్నాడట. కోతలు చూడ్డానికి బాగుంటాయి, సైకిల్ తొక్కడానికి కాదు. ఆ రోజుల్లో ఇరుకు దారుల నిండా వ్యాన్లు, ట్రాక్టర్లు, పళ్ళ పెట్టెలు. అక్టోబర్లో ఆకులు పసుపు రంగుకి తిరిగి తోట అందంగా ఉంటుంది కానీ అప్పటికి వేట మొదలైపోతుంది. నన్నడిగితే మే ఆఖరు నుంచి జూన్ ఆఖరు లోపు రండి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, తొందర పడాల్సిన పని ఉండదు.

వారంలో కూడా ఒక పద్ధతి పెట్టుకోండి. తోటల్లోకి ఆదివారం ఉదయం వెళ్ళండి. అప్పుడు పనులు దాదాపు ఉండవు, తూర్పు ఎండ వాలు మీద నేరుగా పడి ఆకులన్నీ మెరుస్తుంటాయి. మిగతా రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా పనివాళ్ళు భోజనానికి వెళ్తారు, దారులు ఖాళీగా ఉంటాయి, కానీ తోటలో నీడనేది దొరకదు. అందుకని ఎండ వేళకి అడవి చేరేలా చూసుకోవాలి.

మే, జూన్ నెలల్లో బూజు తెగులుకి మందు కొడుతుంటారు. సేంద్రియ పద్ధతిలో చేసేవాళ్ళు కూడా గంధకం, రాగి మందు కొడతారు. ఇక్కడి ట్రాక్టర్ ఎత్తు కాళ్ళతో తీగల వరస మీదుగా నడుస్తుంది, డ్రైవర్ బాగా పైన కూర్చుంటాడు. వరస చివర తిప్పుకోవడానికి దారి మీదకే వస్తాడు. నువ్వు దగ్గరగా ఉంటే అతనికి కనపడవు. దూరంగానే ఆగు, గాలి వచ్చే వైపుకి జరుగు, అతను నిన్ను చూసి చెయ్యి ఊపాక కదులు. వెళ్తూ "బోంజూర్" అనడం మర్చిపోకు. పల్లెల్లో పలకరించకుండా పోవడం చాలా అమర్యాద.

2015లో యునెస్కో ఇక్కడి తోటల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక్కో ముక్కకి ఒక పేరూ, వందల ఏళ్ళ నాటి హద్దూ ఉన్నాయి. ఆ హద్దు చాలా చోట్ల సున్నం లేకుండా పేర్చిన రాతి గోడే. దానికి సైకిల్ ఆనించకు, రాళ్ళు జారిపోతాయి. రొమనే-కోంతీ తోట ముందు, దారి మీదే ఉండండి, లోపలికి అడుగు పెట్టకండి అని బోర్డే ఉంది. మిగతా తోటల్లో బోర్డు లేకపోయినా అదే మర్యాద. ఫోటో కోసమైనా వరసల మధ్యకి దిగొద్దు, ఒక్క గుత్తి కూడా తెంపొద్దు.

గుర్తులు చదవడం నేర్చుకో, ఇది చాలా అవసరం. ఎర్ర అంచు గుండ్రటి బోర్డు మధ్యలో కారు, మోటార్ సైకిల్ బొమ్మలుంటే మోటారు బండ్లకే నిషేధం, నువ్వు వెళ్ళొచ్చు. మధ్యలో ఏ బొమ్మా లేకుండా తెల్లగా ఉంటే బండ్లన్నిటికీ నిషేధం, అందులో సైకిలూ లెక్కే. "షెమాం ప్రివే" అని ఉంటే అది సొంత దారి, వెనక్కి తిరుగు. అడవి దారికి అడ్డంగా గేటు కడ్డీ ఉంటే చాలాసార్లు అది కార్లని ఆపడానికే, పక్కన సైకిల్ పట్టే సందు ఉంటుంది. కానీ కలప నరుకుతున్నారని కాగితం అంటించి ఉంటే ఆ దారి వదిలేయాల్సిందే. దారి పక్కన పేర్చిన దుంగల మీద ఎప్పుడూ కూర్చోవద్దు, అవి దొర్లుతాయి. దారి ఎంచుకునేటప్పుడు ఫోన్ యాప్ ఒక్కదాన్నే నమ్మకు. ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఐజీఎన్ వాళ్ళ 1:25,000 మ్యాప్ తెరిచి, అదే చోటు ఉపగ్రహ ఫోటోలో కూడా చూడు. తెల్లగా గీతలా కనిపిస్తే కంకర గట్టిగా ఉన్నట్టు. రెండు చక్రాల జాడల మధ్య పచ్చగా ఉంటే గడ్డి దారి, వాన పడ్డాక అక్కడ తొక్కడం కష్టం.

వాన అన్నాను కాబట్టి మట్టి సంగతి. పొడిగా ఉన్నప్పుడు వాలు మీద సున్నపురాతి కంకర బాగా పట్టు ఇస్తుంది. మైదానంలో సితో వైపు బంకమట్టి మాత్రం తడిస్తే మన నల్లరేగడి లాగే చక్రానికి చుట్టుకుని, ఫోర్కులో ఇరుక్కుని, తిరగనివ్వదు. రాత్రి వాన పడితే మర్నాడు ఆ అడవి జోలికి వెళ్ళకు, పైన కొండ మీద అడవికి వెళ్ళు. టైరు 40 మి.మీ.కి తగ్గొద్దు, ట్యూబ్‌లెస్ అయితే మేలు. నీ బరువుకి టైర్లో గాలి 35 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, గతుకులు చేతులకి కొడుతుంటే కొంచెం తగ్గించు. ఇక్కడి పంపుల మీద బార్ లెక్క ఉంటుంది, 2.4 అంటే దాదాపు అంతే. తోట దారులు మెలికలు లేకుండా నేరుగా వాలు పైకి పోతాయి, కాబట్టి గొలుసు తిరిగే పళ్ళచక్రాల్లో, వెనకవాటిలో పెద్దదానికి ముందుదాని కన్నా ఎక్కువ పళ్ళున్న సైకిల్ అడుగుదాం. దిగేటప్పుడు వాననీళ్ళు కోసిన గాడులు ఉంటాయి. మలుపుకి ముందే వేగం తగ్గించు, మలుపులో బ్రేక్ నొక్కితే వదులు కంకర మీద చక్రం జారుతుంది.

మొదటి రోజు ఎక్కువ దూరం పెట్టుకోవద్దు. బోన్ వరకు లోకల్ రైల్లో వెళ్ళి, అక్కణ్ణుంచి "వ్వా దే వీన్య్" అనే దారి పట్టుకోండి. పొమ్మార్, వోల్నే, మోర్సో, ప్యులిన్యీ-మోంరాషే మీదుగా సాంతనే వరకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఎక్కువ భాగం సిమెంటు, తారు వేసిన తోట దారులే, కంకర తక్కువ, కానీ దారి గుర్తులు చదవడం అక్కడే అలవాటవుతుంది. సాంతనే దగ్గర కాలవ గట్టు ఎక్కి షాన్యీ చేరితే అక్కడ మళ్ళీ రైలుంది. ఇంకా దక్షిణాన జివ్రీ నుంచి క్లునీ దాకా పాత రైలు పట్టాలు తీసేసి వేసిన దారి ఉంది, 44 కి.మీ. 1997లో తెరిచారు. ఫ్రాన్స్‌లో అలాంటి దారుల్లో అదే మొదటిది. నున్నటి దారి కాబట్టి కాళ్ళు అలిసిన రోజుకి దాన్ని ఉంచుకోండి.

నా మనసుకి నచ్చినది మాత్రం సావిన్యీ నుంచి రోఆన్ ఏటి వెంట బుయాన్ వైపు పోయే లోయ. రెండు పక్కలా అడవి, పైన తెల్లటి రాతి కొండ చరియలు. తోటలు దాటిన కాసేపటికే అంత అడవి వస్తుందని చాలామందికి తెలియదు. దానికి ఒక రోజు పూర్తిగా ఇవ్వండి. ఇంకో రోజు సితో మఠానికి. 1098లో మొదలైన మఠం అది. అక్కడి సన్యాసులే కొండవాలు మీద క్లో ద వూజో తోట వేసి చుట్టూ గోడ కట్టారు. అడవిలో మఠం చూసి, సాయంత్రానికి ఆ గోడ పక్కకి చేరితే, ఆ మనుషులు ఎంత దూరం నడిచి వ్యవసాయం చేశారో మీ కాళ్ళకే తెలుస్తుంది.

అడవిలో గడ్డి తగిలే చోట పిడుదులుంటాయి. ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, నడుం దగ్గర చూసుకోవాలి. పట్టుకుని ఉంటే గోళ్ళతో లాగొద్దు, మందుల షాపులో దొరికే చిన్న ప్లాస్టిక్ కొక్కెంతో తిప్పి తీయాలి. తర్వాత నెల లోపు ఆ చోట ఎర్రటి వలయం పెద్దదవుతుంటే డాక్టర్‌కి చూపించాలి. హైదరాబాద్ వెళ్ళాక కనిపించినా, ఫ్రాన్స్‌లో పిడుదు కుట్టిందని చెప్పు. ఒకవేళ సెలవు దొరక్క అక్టోబర్లోనే వస్తే, శని ఆదివారాలు అడవిలోకి వద్దు. వేట జరుగుతోందన్న బోర్డు కనిపిస్తే, లోపల ఎవరూ లేరనిపించినా వెనక్కి రండి.

నీళ్ళకి ఒక ఉపాయం. దాదాపు ప్రతి పల్లెలో శ్మశానం గేటు దగ్గర కుళాయి ఉంటుంది. జంకొద్దు, ఇక్కడ సైకిల్ వాళ్ళందరూ అక్కడే పట్టుకుంటారు. "ఓ నోం పోతాబ్ల్" అని రాసి ఉంటే మాత్రం తాగకూడదు. దుకాణాలు మధ్యాహ్నం మూసేస్తారు, ఆదివారం సాయంత్రం, చాలా చోట్ల సోమవారం కూడా. కిరణ్ శాకాహారి కాబట్టి పల్లె హోటల్ మీద ఆశ పెట్టుకోకండి. పొద్దున్నే పులిహోర చేసి డబ్బాలో పెడతాను, దారిలో రొట్టె, పళ్ళు కొనుక్కోండి. వైన్ రుచి చూడాలనుకుంటే సైకిల్ పని పూర్తయ్యాకే. కారు నడిపేవాళ్ళకి ఉన్న హద్దు, రక్తంలో లీటరుకి 0.5 గ్రాములు, సైకిల్‌కీ వర్తిస్తుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు కూడా ఇక్కడ నిషేధం. గంట తప్పనిసరి. ఏదైనా ప్రమాదం జరిగితే 112.

ఇక నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. మీ ఇద్దరి ఎత్తు, కాలి లోపలి కొలత, చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి కొలిచి ఈ వారంలో పంపించు. జూన్‌లో మంచి సైకిళ్ళు ముందే అయిపోతాయి, అద్దెకిచ్చేవాళ్ళకి ఇప్పుడే చెప్పి ఉంచుతాను. పెడల్స్, సీట్లు మీకు అలవాటైనవి అక్కణ్ణుంచే తెచ్చుకోండి.

మీ నాన్నకి, అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ అత్తయ్య