రక్తం కాదు, చీమలతో మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. టెక్సస్ కొమ్ముల తొండ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే దాని కళ్లలోంచి రక్తం చిమ్మించేశావు. ఇక మిగతా రెండు పేజీలూ ఎవరు చదువుతారు?

చీమలతో మొదలుపెట్టు. అరచేతిలో పట్టేంత ఈ జీవికి తిండిలో సింహభాగం గింజలు పోగేసే హార్వెస్టర్ చీమలే. చీమ ఒంట్లో సారం తక్కువ, పెంకు ఎక్కువ. కడుపు నిండాలంటే బోలెడు తినాలి, అన్ని పట్టాలంటే పెద్ద పొట్ట కావాలి. అందుకే ఆ ఒళ్లు దిబ్బరొట్టెలా ఉంటుంది. ఆ పొట్టేసుకుని మన తొండలా తుర్రుమనలేదు. పరుగు లేదు గనకే మట్టి రంగు, ఒంటి మీద ముళ్లు, తల మీద కొమ్ములు. అవీ ఆదుకోనప్పుడు రక్తం. ఈ వరసలో చెప్పి చూడు.

ఆ రక్తం సంగతి కూడా సరిచూసుకో. 'శత్రువు కనబడగానే చిమ్ముతుంది' అన్నావు. కాదు, ఎక్కువగా కొయొటీలు (తోడేలు లాంటి అమెరికా జంతువులు), నక్కలు, కుక్కలు మీదపడి కరవబోయినప్పుడే. తలలోంచి వెనక్కి రావలసిన రక్తాన్ని బిగబడితే కనురెప్పల దగ్గర సన్న నాళాలు చిట్లుతాయి. ఆ రుచికి కుక్క జాతి తల విదిలించుకుని వదిలేస్తుంది. రోడ్‌రన్నర్ పక్షి మీద మాత్రం ఈ అస్త్రం వాడదు.

'తొండ ముదిరితే ఊసరవెల్లి' సామెత కొట్టేయ్. రెండూ వేరు, ఇది మూడోది.

టెక్సస్‌లోని బిగ్ బెండ్ నేషనల్ పార్కులో నేనొకసారి దీన్ని చూశాను. చీమల బారు పక్కన కూర్చుంది. తల వంచింది, నాలుక మెరిసింది, ఒక చీమ మాయం. నమలలేదు. (కుట్టదా అంటావేమో, గొంతులో జిగురు చుట్టి మింగేస్తుంది.) నాలుగైదు చీమలు మీదికెక్కగానే ఒళ్లు విదిలించి పక్కకి జరిగింది. ఎండలో అరగంట కూర్చుంటే నాకు దక్కింది అంతే. నీ వ్యాసంలో అలాంటి అరగంట ఎక్కడా లేదు, అన్నీ వీడియోల్లో చూసినవే.

ఓల్డ్ రిప్ అనే తొండ కథ బాగుంది, ఉంచు. కానీ 1897లో టెక్సస్‌లోని ఈస్ట్‌ల్యాండ్ కోర్టు శంకుస్థాపన రాయిలో పెట్టిన తొండ, 1928లో తెరిచేదాకా 31 ఏళ్లు బతికిందని నువ్వే సాక్ష్యం చెబుతున్నావేమిటమ్మా? 'బతికే ఉందని ఊరంతా నమ్మింది' అని రాయి. దాన్ని అమెరికా ప్రెసిడెంట్ కూలిడ్జ్‌కి చూపించారు, అది నిజం. నమ్మిన జనం తొండకంటే తక్కువ వింతేమీ కాదు.

చివర్లో మాత్రం తొందరపడ్డావు. టెక్సస్ దీన్ని 1977లోనే ముప్పున్న జాతుల్లో చేర్చింది. ఇళ్లు, పొలాలు నేలను మింగాయి. దక్షిణ అమెరికా నుంచి దిగబడ్డ ఫైర్ యాంట్స్ హార్వెస్టర్ చీమల్ని తరిమాయి. ఫైర్ యాంట్స్ కోసం చల్లే మందు మిగిలిన హార్వెస్టర్లనూ చంపుతుంది. పోయిన నెల ఫోన్లో ఏం చెప్పావో గుర్తుందా? బాబుని చీమలు కుట్టాయని డాలస్‌లో మీ పెరడంతా మందు చల్లానన్నావు. అది వ్యాసంలో ఎందుకు లేదు? బాబు కాలి మీద దద్దుర్లతో సహా రాయి. నువ్వు చల్లింది తప్పో ఒప్పో తేల్చకు.

మళ్లీ రాసి పదిహేనో తారీకులోగా పంపు.

మీ బాబాయి