ఫస్ట్ ఫిట్ నొక్కి ఊరుకోకు

బిడ్డా,

హనుమకొండలో క్లినిక్ తెరిచావని, వినికిడి యంత్రం ఇచ్చే శబ్దాన్ని చెవిలోనే సన్నటి ట్యూబ్ పెట్టి కొలిచే ప్రోబ్ మైక్ మెషీన్ కూడా కొన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అంత ఖర్చు దండగని చాలామంది కొననే కొనరు. నువ్వు కొన్నావు కాబట్టి దాన్ని మూలన పడేయకు.

వినికిడి యంత్రం కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఫస్ట్ ఫిట్ (యంత్రాన్ని దానంతటదే సెట్ చేసే బటన్) నొక్కగానే శబ్దం గీతలు టార్గెట్ మీద, అంటే ఆ మనిషికి అందాల్సిన శబ్దం మీద, ముచ్చటగా కూర్చుంటాయి. సగటు చెవిని ఊహించుకుని వేసిన లెక్క అది, కొలత కాదు. ముందున్న మనిషి చెవిలో కొలిస్తే 2000 హెర్ట్జ్ దాటాక, అంటే సన్నటి శబ్దాల దగ్గర, టార్గెట్‌ను అందుకోకపోవడం మామూలే.

ముందు ఓటోస్కోప్‌తో చెవిలోపల చూడు. గులిమి ఉంటే ప్రోబ్ ట్యూబ్ మూసుకుపోయి గీత అబద్ధం చెబుతుంది. ట్యూబ్ కొస కర్ణభేరికి 5 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. 55, 65, 80 డెసిబెల్స్‌లో మాట వినిపించు. చివర్లో పెద్ద శబ్దాలు పెట్టినప్పుడు మాత్రం తెర వదిలి మనిషి ముఖం చూడు. చిట్లించాడంటే ఎంపీఓ (యంత్రం ఇవ్వగల గరిష్ఠ శబ్దం) తగ్గించాల్సిందే.

కొలిచింది వచ్చినవాళ్లకు చూపించే పని ఇంకా ముఖ్యం. సిరిసిల్ల మరమగ్గాల మీద ఏళ్లు గడిపిన పెద్దాయన వచ్చి, "నాకు మంచిగనే ఇనబడుతది, వీళ్లే గొణుగుతరు" అంటాడు. వాదించకు. ఆడియోగ్రామ్ అంటే ఏ శబ్దం ఎంత పెద్దగా ఉంటే వినబడుతుందో చూపే బొమ్మ; ఏ అక్షరం ఎక్కడ పలుకుతుందో రాసి ఉన్న ఆ షీట్ మీద ఆయన వినికిడి గీత గీయి. దొరికే షీట్లలో ఎక్కువ ఇంగ్లీషు అక్షరాలే, తెలుగువి నువ్వే రాసుకో. గీత కింద, వినబడే వైపు, మ, న ఉంటాయి, పైన, వినబడని వైపు, స, త మిగిలిపోతాయి. మాట వినబడుతోంది కానీ పప్పేదో తప్పేదో తేలడం లేదని అప్పుడు ఆయనే ఒప్పుకుంటాడు.

తర్వాత మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించు. చెవిలో పెట్టిన వినికిడి మెషీన్ ఆఫ్‌లో ఒకసారి, ఆన్‌లో ఒకసారి కొలువు. పిల్ల గొంతు తాత వినికిడి గీతను దాటి పైకి లేవడం తెరమీద అందరికీ కనబడుతుంది. ఒక చిక్కుంది: ఆడియోగ్రామ్‌లో కిందికి పోతే పెద్ద శబ్దం, ఇక్కడ పైకి పోతే పెద్ద శబ్దం. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టావంటే చదువుకున్న కొడుకు కూడా తికమకపడతాడు. షీట్ మడిచి పక్కన పెట్టాకే తెర తిప్పు.

గీత దాటిందంటే వినబడుతోందని మాత్రమే, అర్థమైపోతుందని కాదు. ఇది ఆ రోజే ఇంట్లోవాళ్లకు చెప్పు, లేకపోతే వారం తిరక్కుండానే "మెషీన్ పనిచేస్తలేదు" అని ఫోన్ వస్తుంది.

గ్రాఫ్ ప్రింట్ తీసి, తేదీ వేసి ఫైల్లో పెట్టు. మోల్డ్ (చెవిలో కూర్చునే అచ్చు) మార్చినా, దాని ట్యూబ్ మార్చినా మళ్లీ కొలిచి చూడు.

మీ పెద్దమ్మ