చీటీ పాడి మాల్దీవులకు వెళ్లాలా?

ప్రశ్న: మాది గుంటూరు. విజయవాడలో ఉద్యోగం, చేతికి 48 వేలు వస్తుంది. మూఢం వెళ్లాక ఫాల్గుణంలో, అంటే 2026 మార్చి మొదట్లో పెళ్లి. కాబోయే భార్య గుంటూరులో టీచర్, జీతం 26 వేలు. హనీమూన్‌కి మాల్దీవులు, 4 రాత్రులు, ఇద్దరికీ విమానంతో కలిపి 3 లక్షలని ఒక ట్రావెల్స్ వాళ్లు చెప్పారు. నా ఎఫ్‌డీలో 3.4 లక్షలు ఉన్నాయి. అందులో 2 లక్షలు విజయవాడలో అద్దె ఇంటి అడ్వాన్సుకి, సామాన్లకి పోతాయి. 20 నెలల 3 లక్షల చీటీలో 9 నెలలు కట్టాను. ఇప్పుడు పాడుకుంటే 45 వేలు వదులుకోవాలి. 14 శాతానికి పర్సనల్ లోన్ తీసుకుని, చదివింపుల డబ్బుతో తీర్చేయమని స్నేహితులు అంటున్నారు. చీటీ, ఖర్చులు పోను నెలకు 18 వేలు మిగులుతాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా మీ ఇద్దరికీ శుభాకాంక్షలు. హనీమూన్‌ని నేను దండగ ఖర్చుల్లో వేయను. పెళ్లి పనులు, వ్రతం, చుట్టాల ఇళ్లలో విందులు, ఆ వెంటనే ఉద్యోగాలు. మధ్యలో ఇద్దరే కూర్చుని నింపాదిగా మాట్లాడుకునేది ఆ వారం రోజులే. తప్పకుండా వెళ్లండి. అయితే ఆ ప్రయాణం ఖర్చు మీ చేతిలో ఉన్న డబ్బుతోనే అయిపోవాలి. అప్పు వద్దు, చీటీ పాట కూడా వద్దు.

మీ స్నేహితుల లెక్కలో నన్ను బాగా భయపెట్టింది చదివింపుల మాట. చదివింపులు ఆదాయం కాదండీ. పుస్తకంలో పేర్లతో సహా రాసుకుంటాం, వాళ్ల ఇంట్లో శుభకార్యం అయినప్పుడు ఆ మొత్తానికి ఇంకొంత కలిపి తిరిగి చదివిస్తాం. అదీకాక పెళ్లి మర్నాడు మండపం, క్యాటరింగ్, డెకరేషన్ వాళ్ల మిగతా బాకీలు వచ్చి కూర్చుంటాయి. చాలా ఇళ్లలో ఆ డబ్బు అక్కడే అయిపోతుంది. పెళ్లి సందర్భంగా వచ్చిన కానుకల మీద మీకు ఆదాయపు పన్ను లేదన్నది మాత్రం నిజం. మిగిలితే సంతోషం, కానీ మిగులుతుందని నమ్మి లోన్ కాగితాల మీద సంతకం పెట్టకండి.

చదివింపులు అక్కరకు రాకపోతే ఆ లోన్ ఎంతవుతుందో చూడండి. 3 లక్షలు, 14 శాతం, మూడేళ్లు అంటే నెలకు దాదాపు 10,250 ఈఎంఐ. మొత్తం మీద వడ్డీయే 69 వేలు. కొత్త కాపురంలో గ్యాస్ కనెక్షన్, ఫ్రిజ్, తొలి ఆషాఢం, తొలి దీపావళి ఖర్చులుంటాయి. వాటన్నిటి మధ్య మూడేళ్లపాటు ప్రతి నెలా ఒక వారం హనీమూన్‌కి కిస్తీ కట్టడం మీ ఇద్దరికీ భారమే.

చీటీ సంగతి వేరు. మీరిప్పటికే తొమ్మిది నెలలు కట్టారు, ఇంకా పదకొండే. చివరి దాకా ఆగితే కంపెనీ కమిషన్ పోను దాదాపు మొత్తం చేతికి వస్తుంది. ఇప్పుడు పాడితే 45 వేలు వదులుకోవడమే కాదు, విహారం అయిపోయాక కూడా చీటీ తీరేదాకా కట్టుకుంటూ పోవాలి. ఒక్క షరతు. అది రిజిస్టరైన చిట్ కంపెనీదైతేనే ఈ మాట. వీధిలో తెలిసినవాళ్లు నడిపే కాగితం లేని చీటీ అయితే, 45 వేలు పోయినా పాడుకుని ఎఫ్‌డీలో వేసేయమంటాను. అలాంటి చోట పెట్టిన డబ్బుకి రక్షణ లేదు.

ఇక ఆ 3 లక్షల ప్యాకేజీ. ట్రావెల్స్ వాళ్లు చెప్పే రేటు వేరు, మీరు తిరిగి గన్నవరంలో దిగేసరికి అయ్యే ఖర్చు వేరు. విదేశీ టూర్ ప్యాకేజీ మీద 2025-26లో 10 లక్షల దాకా 5 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను వసూలు చేస్తారు, అంటే 15 వేలు. మీ జీతానికి కొత్త ఆదాయపు పన్ను పద్ధతిలో పన్ను పడదు కాబట్టి రిటర్న్ వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది, కానీ నెలల తరబడి ఇరుక్కుపోతుంది. పాన్ ఇవ్వకపోతే ఇంకా ఎక్కువ పట్టుకుంటారు. మాల్దీవుల్లో భారతీయులకు వీసా ఉచితమే. అయితే రిసార్టులో ఒక్కొక్కరికి రాత్రికి 12 డాలర్లు గ్రీన్ ట్యాక్స్ ఉంది. మీ నాలుగు రాత్రులకు ఇద్దరికీ కలిపి 96 డాలర్లు. అది ప్యాకేజీలో ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. ప్యాకేజీలో లేని తిండి, తాగుడు, స్నార్కెలింగ్ అన్నిటి మీదా 10 శాతం సర్వీస్ చార్జి, దాని మీద 17 శాతం జీఎస్టీ. 100 డాలర్ల భోజనానికి దాదాపు 129 కడతారు. మాలే విమానాశ్రయం నుంచి రిసార్టు దీవికి స్పీడ్ బోటా, సీ ప్లేనా అన్నది కూడా అడగాలి. సీ ప్లేన్ అయితే రానూపోనూ మనిషికి వందల డాలర్లు. ఇవన్నీ కలిపితే మీ 3 లక్షలు మూడున్నర దాటడం కష్టమేమీ కాదు.

అందుకని ఈ మార్చికి అండమాన్ వెళ్లమంటాను. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా అక్కడ సముద్రం నెమ్మదిగా ఉంటుంది, పాస్‌పోర్టు, డాలర్లు అక్కర్లేదు. గన్నవరంలో ఎక్కి చెన్నైలోనో హైదరాబాద్‌లోనో విమానం మారితే పోర్ట్ బ్లెయిర్, 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం. అక్కడ సెల్యులార్ జైలు చూసుకుని, ఫెర్రీలో స్వరాజ్ ద్వీప్‌కి వెళ్లండి. పాత పేరు హేవ్‌లాక్. రాధానగర్ బీచ్ అక్కడే ఉంది. వీలైతే ఒక రాత్రి నీల్‌లో, అంటే షహీద్ ద్వీప్‌లో ఉండండి. నా అంచనా ఇది: ఇద్దరికీ విమానం 40 వేలు, ఐదు రాత్రుల గది 29 వేలు, ఫెర్రీలు, కార్లు 18 వేలు, తిండి 15 వేలు, స్కూబాకో మరోదానికో 10 వేలు. లక్షా పన్నెండు వేలు. గది రాత్రికి 7,500 లోపు చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ రేటు దాకా జీఎస్టీ 5 శాతమే, దాటితే 18. ఫెర్రీ టిక్కెట్లు విమానంతో పాటే తీసుకోండి. దీవుల్లో ఏటీఎంలు తక్కువ, కాస్త నగదు ఉంచుకోండి.

బాలి చవక కదా అంటారు. నవంబర్ నుంచి మార్చి దాకా అక్కడ వానకాలం, ఈ ముహూర్తానికి వద్దు.

పెళ్లిలోపు మీ దగ్గర మిగిలే నాలుగు నెలల 18 వేలు, 72 వేలు అవుతుంది. మిగతా 40 వేలు ఎఫ్‌డీ నుంచి తీయండి. ఇంటి అడ్వాన్సు, సామాన్లు పోను ఇంకా లక్ష ఉంటుంది. దాన్ని కదపకండి, అది మీ అత్యవసర నిధి. చీటీ అక్టోబర్‌కి తీరిపోతుంది. మాల్దీవుల్లో డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకు పొడి కాలం కాబట్టి, తొలి పెళ్లిరోజుకి ఆ చీటీ డబ్బులో కొంత పెట్టి అక్కడికి వెళ్లవచ్చు. అప్పటికి ఇద్దరి జీతాలతో ఇల్లు ఎలా నడుస్తోందో తెలిసి ఉంటుంది.

మీ ఉత్తరంలో ఆమె ఏమంటోందో రాయలేదు. ఈ లెక్కలు ఆమె ముందు పెట్టి అడగండి. సముద్రం కంటే ఊటీయే ఇష్టమంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది. టిక్కెట్టు మాత్రం ఆమె ఆధార్‌లో ఇప్పుడున్న ఇంటిపేరుతోనే తీయండి, మార్పిడి వచ్చాక చేయించుకోవచ్చు. పెళ్లయిన వెంటనే మీ ఆఫీసు ఆరోగ్య బీమాలో ఆమె పేరు చేర్పించండి. చాలా కంపెనీలు దీనికి పెళ్లి తేదీ నుంచి కొద్ది రోజులే గడువిస్తాయి. మీ హెచ్‌ఆర్‌ని ఆ గడువు ఇప్పుడే అడిగి పెట్టుకోండి, అండమాన్ నుంచి వచ్చేసరికి దాటిపోకూడదు.