గుర్రం కాళ్ల గురించి

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగానికి సెలవు పెట్టి తుక్కు ఇనుముతో గుర్రం చేస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెబుతూ ఏడ్చింది. మన ఇంట్లో ఇనుము ముట్టుకున్నది నేనొక్కడినే అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ. ఆ రాత్రి చాలాసేపు వరండాలోనే తిరిగాను. సంతోషమో భయమో తేల్చుకోలేకపోయాను.

మీ అమ్మకు ధైర్యం చెప్పాను. ఢిల్లీలో 2019లో తుక్కుతోనే ప్రపంచపు ఏడు వింతల నమూనాలు కట్టి పార్కు తెరిచారని, ఇది పనికిమాలిన పని కాదని చెప్పాను. నువ్వు మాత్రం అంత దూరం పోనక్కర్లేదు, ఒకసారి తెనాలి వెళ్లిరా. అక్కడి శిల్పులు నట్లు, బోల్టులు, గేరు చక్రాలు పేర్చి నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. నట్టు పక్కన నట్టు పెట్టి చెంప నునుపు ఎలా తెప్పిస్తారో దగ్గర నిలబడి చూడు.

మామూలు సంగతులు నీకు వెల్డింగు పని నేర్పినవాళ్లు చెప్పే ఉంటారు. ఎర్త్ క్లాంపు, అదే మెషిను తీగను ఇనుముకు పట్టించే క్లిప్పు, పెట్టేచోట తుప్పు, రంగు గీకెయ్యి. వెల్డింగు రాడ్లకు చెమ్మ తగలనివ్వకు. ముందు టాకులు, అంటే ముక్కలు నిలిచేంత చిన్న చిన్న అతుకులు వేసి, పది అడుగులు వెనక్కి వచ్చి చూసి, నచ్చాకే పూర్తిగా అతుకు. ఒకే వైపు ఆపకుండా అతుకుతూ పోతే ఇనుము అటే లాగేస్తుంది, గుర్రం మెడ వంకరపోతుంది. నైలాన్ చున్నీతో షెడ్డులో అడుగుపెట్టావని తెలిస్తే నేను ఊరుకోను. ‘ఒక్క టాకే కదా’ అని హెల్మెట్ లేకుండా వెయ్యొద్దు. ఆ వెలుగు అప్పుడేమీ అనిపించదు, అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు లేపుతుంది.

తెల్లగా మెరిసే నీళ్ల గొట్టాలు తుక్కులో చవగ్గా దొరుకుతాయి. వాటి మీద జింకు పూత ఉంటుంది. ఇనుము కరగడానికి సుమారు 1500 డిగ్రీలు కావాలి, జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. ఆ తెల్లటి పొగ పీల్చినవాళ్లకు సాయంత్రానికి నోరు తియ్యగా అయి, రాత్రికి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే విరుగుడని మా షెడ్లలో నమ్మకం. నేనూ తాగాను. పాలు కడుపులోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలాంటి గొట్టాలు కొననే కొనకు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. గుర్రం కాళ్లకని స్కూటరు షాక్ అబ్జార్బర్లు నాలుగు కొన్నావట.

1988లో మీ అమ్మ పెళ్లి కుదిరింది. అప్పటికి ఆటోనగర్‌లో నాకు చిన్న షెడ్డు ఉండేది. చెల్లెలికి బజారులో దొరికేది కాకుండా నా చేత్తో చేసింది ఇవ్వాలనిపించి నెమలి మొదలుపెట్టాను. తోకకు సైకిలు చైన్లు, ఒంటికి బేరింగు గుండ్లు, కాళ్లకు రెండు షాక్ అబ్జార్బర్లు. ఆ క్రోము రాడ్ల మెరుపు చూసి నేనే మురిసిపోయాను. ఒకదానిలోంచి నూనె ఎప్పుడో కారిపోయింది. గుడ్డతో తుడిచి, ఇక ఇందులో ఏముంది, ఖాళీయే కదా అనుకున్నాను. నా దగ్గర పని నేర్చుకునే కుర్రవాడికి ఇరవై ఏళ్లు. ‘కాస్త పట్టుకోరా’ అన్నాను.

దాని అడుగు భాగం మీద రెండో వెల్డింగు రాడ్డు కాల్చేసరికి సన్నగా ఈల లాంటి శబ్దం వచ్చింది. నూనె కాలిన వాసన వచ్చింది. నేను ఆపలేదు. అంగుళమే మిగిలింది, అది పూర్తిచేద్దామనుకున్నాను. ఆ అంగుళమే ఈనాటికీ నన్ను పొడుస్తూ ఉంటుంది. షాక్ అబ్జార్బర్‌లోని క్రోము రాడ్డు నా చెవి పక్కనుంచి దూసుకుపోయి పైకప్పు రేకును పగలగొట్టుకుని బయటపడింది. లోపల మిగిలిన కాస్త నూనె మరిగి వాడి ఎడమ చేతి మీద చిమ్మింది. మణికట్టు నుంచి మోచేతి దాకా తోలు ఊడివచ్చింది. వాడిని సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తొక్కాను. దారంతా వాడు ఏడవలేదు, ‘నెమలి పాడైందా మావా’ అని అడిగాడు.

వాడికిప్పుడు మనవలున్నారు. నన్ను కలిసినప్పుడు మాత్రం ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుంటాడు, నేను చూసి బాధపడతానని. మీ అమ్మ పెళ్లికి స్టీలు బిందె ఇచ్చాను. నెమలి సంగతి ఆమెకు ఇప్పటికీ తెలియదు.

తుక్కులోకి వచ్చిన ప్రతి ముక్కా ఎక్కడో ఏదో పని చేసి వచ్చిందే తల్లీ. దాని మీద నిప్పు పెట్టే ముందు చేతిలో తిప్పి చూడు. లోపల డొల్లగా ఉందా, రెండు వైపులా మూసుకుపోయి ఉందా అని చూడు. షాక్ అబ్జార్బర్, పెట్రోలు ట్యాంకు, మూత బిగిసిన డబ్బా, ఏదైనా సరే పక్కన పెట్టెయ్యి. ట్యాంకు కడిగాం కదా అంటారు, అతుకుల సందుల్లో పెట్రోలు మిగిలే ఉంటుంది. షాక్ అబ్జార్బర్లకు రంధ్రం వేసి చూద్దామనుకోకు, కొన్నింటిలో గ్యాసు బిగించి ఉంటుంది. నువ్వు చేసే గుర్రం పొట్ట మూసేటప్పుడు కూడా ఆఖరి అతుకుకు ముందే అడుగున చిటికెనవేలంత రంధ్రం వదులు. వేడిగాలి పోవడానికి ఒక దారి ఉంటుంది, తర్వాత వాన నీరూ అందులోంచే పోతుంది.

కోప్పడ్డానని అనుకోకు. నీ చేతులు చిన్నప్పుడు నా బొటనవేలు పట్టుకుని నడిచిన చేతులు.

ఆదివారం ఉదయం బస్సుకు వస్తున్నాను. కాళ్లకు పనికొచ్చే లారీ ఆక్సిల్ ముక్కలు నాలుగు దొరికాయి, ఎక్కడా డొల్ల లేని గట్టి ఇనుము. కాస్త బరువే, బస్సు దగ్గరికి ఎవరినైనా తోడు తెచ్చుకో. నా హెల్మెట్‌కు కొత్త అద్దం వేయించాను, అదీ తెస్తున్నాను. అప్పటిదాకా ఆ షాక్ అబ్జార్బర్ల జోలికి పోకు.

మీ మామయ్య