హంతకుడెవరో తేల్చకుండా ముగించిన 'త్రీ మెన్ అండ్ అడీనా' భాగాన్ని అంతగా ఎందుకు మెచ్చుకుంటారు?

'హోమిసైడ్: లైఫ్ ఆన్ ది స్ట్రీట్' ధారావాహికలోని ఈ భాగం చివరిదాకా ఊరించి, తీరా సమాధానం చెప్పకుండానే ముగిసిందని, ఇది ప్రేక్షకుణ్ణి మోసగించడమేనని ప్రశ్న అడిగినవారు రాశారు. ఈ ఫిర్యాదును ఇదివరకు చాలామంది నోట విన్నాను గాని, దానితో నేను ఏమాత్రం ఏకీభవించలేను. హంతకుడి పేరు చెప్పి ఉంటే ఈ భాగం కూడా చూసిన మర్నాటికే మరిచిపోయే పోలీసు కథల్లో ఒకటిగా మిగిలిపోయేదని నా గట్టి నమ్మకం.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. 1993 మార్చి 3న అమెరికాలో ఎన్‌బీసీ ప్రసారం చేసిన ఈ భాగాన్ని టామ్ ఫాంటానా రాయగా, మార్టిన్ క్యాంప్‌బెల్ దర్శకత్వం వహించారు. ఈ రచనకే ఫాంటానాకు ఆ ఏడాది ఎమ్మీ పురస్కారం దక్కింది. బాల్టిమోర్‌లో అడీనా వాట్సన్ అనే పదకొండేళ్ళ బాలిక హత్యకు గురైంది. హత్యల విభాగంలో కొత్తగా చేరిన టిమ్ బేలిస్‌కు అదే మొదటి కేసు. గుర్రపు బండి మీద పండ్లూ కూరగాయలూ అమ్ముకునే రిస్లీ టక్కర్ అనే వృద్ధుణ్ణి అతడు అనుమానిస్తాడు. టక్కర్ చేత నేరం ఒప్పించడానికి బేలిస్‌కూ, అతని సహచరుడు ఫ్రాంక్ పెంబుల్టన్‌కూ దక్కిన గడువు పన్నెండు గంటలు. కథ దాదాపు మొత్తం ఆ విచారణ గదిలోనే, ఆ ముగ్గురి మధ్యనే నడుస్తుంది.

టక్కర్ పాత్రలో మోజెస్ గన్ నటనను గమనించండి. మొదట్లో అలసిపోయి, భయం భయంగా, అడిగినదానికి మాత్రమే బదులిస్తూ కూర్చున్న మనిషి, గంటలు గడిచేకొద్దీ ఎదుటివాళ్ళను చదవడం మొదలుపెడతాడు. తనలాంటి పేద నల్లవాళ్ళను చిన్నచూపు చూస్తావని పెంబుల్టన్ ముఖం మీదే అంటాడు. బేలిస్ లోపల దాగిన చీకటిని వేలు పెట్టి చూపిస్తాడు. ప్రశ్నించడానికి వచ్చినవాళ్ళు ఒక్కసారిగా ప్రశ్నలకు గురైనవాళ్ళవుతారు. పెంబుల్టన్‌గా నటించిన ఆండ్రే బ్రావర్ గొంతు తగ్గించి, స్నేహితుడిలా పక్కకు జరిగి అడిగే తీరు అతడి అరుపుల కన్నా ఎక్కువ భయపెడుతుంది.

ఆ భయం ఎలాంటిదో నాకు అనుభవంలో ఉంది. చాలాకాలం క్రితం నేను పనిచేసిన ఒక సంస్థలో ఇనప్పెట్టెలోని సొమ్ము లెక్కకు తగ్గింది. తాళంచెవి చేతులు మారిన వరుసలో నా పేరు కూడా ఉండడంతో నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి ప్రశ్నించారు. ప్రశ్నించిన అధికారి ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. తాళంచెవి ఎవరికి ఇచ్చావన్న ఒకే ప్రశ్నను మాటలు మార్చి అడుగుతూ, నేను చెప్పిన జవాబును ప్రతిసారీ కాగితం మీద మొదటినుంచి రాసుకుంటూ పోయారు. కొంతసేపటికి నా జ్ఞాపకం మీద నాకే అనుమానం పుట్టింది. తాళంచెవిని బల్ల మీద పెట్టానా, చేతికే ఇచ్చానా అన్నది అంతకు ముందు నాకు స్పష్టంగా గుర్తుంది. ఆ గదిలో మాత్రం రెండూ నిజమేనని అనిపించసాగింది. ఏదో ఒకటి ఒప్పుకుంటే బయటపడతాను కదా అన్న ఆలోచన, ఏ తప్పూ చేయని నాకే వచ్చింది. సొమ్ము ఎవరు తీశారో చివరికి తేలనేలేదు. ఆ తరువాత ఆ అధికారి నాతో ఎప్పుడు మాట్లాడవలసి వచ్చినా చూపు తప్పించేవారు.

అందువల్లనే, చివరి అయిదు నిమిషాల్లో నిందితుడు తలదించుకుని నేరం మొత్తం వరుస తప్పకుండా చెప్పేసే ధారావాహికలంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేరం ఒప్పుకోవడమే నిజం బయటపడడమన్న భ్రమను అవి ఏళ్ళ తరబడి మనకు నూరిపోశాయి. నేపథ్య సంగీతం పెరగగానే ఇక నిజం వస్తోందని ఎదురుచూడడం మనకు అలవాటైపోయింది. అది రాకపోయేసరికి కథకుడు మోసం చేశాడంటున్నాము.

ఇక ఈ కథ గాలిలోంచి పుట్టినది కాదు. డేవిడ్ సైమన్ అనే పత్రికా రచయిత 1988లో బాల్టిమోర్ హత్యల విభాగంతో ఒక ఏడాది పాటు తిరిగి రాసిన పుస్తకం 1991లో వెలువడింది. ఆయన అలా తిరిగిన ఏడాదిలో నిజంగానే పదకొండేళ్ళ బాలిక హత్యకు గురైంది. దర్యాప్తు అధికారులు ఎంత శ్రమించినా హంతకుడు దొరకలేదు. అడీనా కథకు ఆధారం ఆ కేసే. కన్నవాళ్ళకు దొరకని సమాధానాన్ని ప్రేక్షకుల తృప్తి కోసం కల్పించి చూపడం నా దృష్టిలో అన్యాయం. ఫాంటానా ఆ పని చేయకపోవడమే ఈ భాగానికి గౌరవం తెచ్చింది.

హంతకుడు టక్కరేనని వాదించేవాళ్ళు రెండు విషయాలు చూపిస్తారు. మొదటిది, బాలిక దుస్తుల మీది మసి మరక టక్కర్‌కు చెందిన, కాలిపోయిన గుర్రపుశాలలోని మసితో సరిపోలడం. బాలికకు ఆ వృద్ధుడితో పరిచయం ఉంది, అతని దగ్గరకు వెళ్ళేది. ఆ మరక ఆమె అక్కడికి వెళ్ళిందని చెబుతుందే గాని ఎవరు చంపారో చెప్పదు. రెండవది, ఆ పిల్ల మీద తాను పెంచుకున్న ప్రేమను టక్కర్ ఏడుస్తూ బయటపెట్టడం. అది వినడానికి కష్టంగా ఉంటుంది, అసహ్యం కూడా కలుగుతుంది. అయితే ఆ అసహ్యాన్నే రుజువుగా తీసుకోవడం సరికాదు. బాగా విరిగిపోయి, దాచుకోవలసినదంతా చెప్పేసిన ఆ క్షణంలో కూడా అతడు చంపానని అనలేదు. అంతవరకూ సందేహించిన పెంబుల్టన్ టక్కరే హంతకుడని ఆ గదిలోంచి నమ్మకంతో బయటికి వస్తే, మొదటినుంచీ నమ్మిన బేలిస్ తనకిప్పుడు తెలియడం లేదంటాడు. నా మటుకు నేను బేలిస్ పక్షమే.