సగంలో ఆగిపోయిన స్వెట్టర్‌ని విప్పేయాలా, పూర్తి చేయాలా?

విప్పకండి. మీ ప్రశ్న చదవగానే నాకు ముందు తోచింది ఇదే. పన్నెండేళ్ళ క్రితం మొదలుపెట్టి అటక మీద పడేసిన అల్లిక అన్నారు, ఎక్కడ ఆపారో కూడా గుర్తులేదన్నారు, ఊలంతా విప్పేసి కొత్తగా మొదలుపెడితే నయమా అని అడిగారు. నాది 21 ఏళ్ళు ఆగింది. నీలం, మీగడ రంగు, మెరూన్ చారల కార్డిగన్. 1999 చలికాలంలో ఢిల్లీలో మొదలుపెట్టాను, 2023 డిసెంబరులో నరసాపురంలో అమ్మకి తొడిగాను.

మేం అప్పట్లో ఢిల్లీ ఆర్.కె.పురంలో గవర్నమెంటు క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నవంబరు వచ్చిందంటే ఆ కాలనీ ఆడవాళ్ళందరి చేతుల్లోకీ సూదులు వచ్చేసేవి. మధ్యాహ్నం ఎండలో చాపలు వేసుకుని, పక్కన వేరుశెనక్కాయలు పెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ చేతుల వైపు చూడకుండానే అల్లేవాళ్ళు. బస్సులో కూర్చుని అల్లేవాళ్ళు, ఆఫీసులో లంచ్ టైంలో అల్లేవాళ్ళు. నాకు నేర్పింది పై అంతస్తులో ఉండే పంజాబీ ఆంటీ. అందుకే నా అల్లిక మాటలన్నీ ఆవిడ మాటలే. సూది మీద వరసగా నిలబడే ఉచ్చుల్ని నేను ఇప్పటికీ ఫందాలనే అంటాను, అల్లికలోని రెండు రకాల ఉచ్చుల్నీ సీధా, ఉల్టా అనే లెక్కపెట్టుకుంటాను. వీటికి మన భాషలో నాకు నచ్చిన మాట దొరకలేదు.

ఆ ఏడు అమ్మ సంక్రాంతి తర్వాత మా దగ్గరికి వస్తానంది. ఆవిడ కోసమే మొదలుపెట్టాను. అమ్మది నరసాపురం పక్కన పల్లె, పెళ్ళికి ముందు నుంచీ లేసు అల్లేది. ఒక్క కొక్కెం సూది, తెల్ల దారం, అంతే సరంజామా. వ్యాపారి మనిషి దారం ఇచ్చి, అల్లింది పట్టుకుపోయి, కండెకి ఇంత అని లెక్కకట్టి చేతిలో పెట్టేవాడు. ఆ బల్లగుడ్డలు ఏ దేశాలకి పోయేవో అమ్మకి తెలియదు. మా ఇంట్లో బల్ల మీద మాత్రం ఎప్పుడూ ప్లాస్టిక్ గుడ్డే ఉండేది. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఈ వస్తువు ఈ ఊరిదే అనే అధికారిక ముద్ర వచ్చిందని పేపర్లో చదివి సంతోషపడ్డాను, కానీ దాంతో అల్లేవాళ్ళ కూలి పెరగాలి కదా. ఇంకో మాట, దయచేసి క్రోషెనీ నిట్టింగునీ ఒకటిగా కలిపేయకండి. ఒక కొక్కెం సూదితో చేసేది క్రోషె, రెండు సూదులతో చేసేది నిట్టింగ్. నేను స్వెట్టర్ అల్లుతున్నానంటే "ఓ, లేసా" అనేవాళ్ళకి చెప్పీ చెప్పీ అలిసిపోయాను. అమ్మకి నా పని రాదు, నాకు అమ్మ పని రాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. వెనక భాగం అయింది, ఎడమ ముందు భాగం అయింది, కుడి ముందు భాగం చంక దాకా వచ్చింది. అక్కడ ఆగింది. 2001 మే నెలలో మాకు హైదరాబాద్ బదిలీ అయింది. బదిలీ వల్ల ఆగిందనీ, ఈ ఎండల్లో ఒళ్ళో ఊలు పెట్టుకుని ఎవరు కూర్చుంటారనీ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. నిజం అది కాదు. చంక దగ్గర ఎన్ని ఫందాలు మూసి సూది మీంచి దించేయాలి, తర్వాత ఎన్ని వరసలకి ఒకటి తగ్గించాలి అన్న లెక్క ఆంటీ నోటితో చెప్పేది, నేను చేసేదాన్ని. నేను కాగితం మీద రాసుకోలేదు. ఆంటీ లేదు కాబట్టి లెక్క కూడా లేదనుకున్నాను. పని ఆగిపోతే బద్ధకం అంటారు అందరూ, నేను ఒప్పుకోను. ఏ పనైనా ఒకానొక వరస దగ్గరే ఆగుతుంది, ఆ వరస దగ్గర మనకి తెలియనిది ఏదో ఒకటి ఉంటుంది. మీది కూడా అలాంటి చోటే ఆగి ఉంటుంది, సూది ఎక్కడుందో చూడండి.

2022 నవంబరులో ట్రంకు పెట్టె తీశాను. కలరా ఉండల వాసన గుప్పుమంది. ముక్కలన్నీ ఒక పాత తలగడ గలీబులో ఉన్నాయి. తొమ్మిదో నంబరు అల్యూమినియం సూది, దాని మీద 52 ఫందాలు, కొసన జారిపోకుండా నేను చుట్టిన రబ్బరు బ్యాండు. ముట్టుకోగానే ఆ రబ్బరు పెంకులా విరిగి రాలిపోయింది. అన్నేళ్ళు సూదిని పట్టుకుని వేలాడిన ఉచ్చులు సాగిపోయి, వాటి లోపలి వైపు బూడిదరంగు మరక పడింది. కాబట్టి సూది మీద ఉన్న వరస నుంచి నేరుగా ముందుకి అల్లకండి, ఆ వరస ఒక గీతలా కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఒక్క వరసా విప్పి, కింది వరసని కొత్త సూది మీదకి ఎక్కించి మొదలుపెట్టండి. నేను విప్పమనేది ఆ ఒక్కటే.

ఎక్కిస్తున్నప్పుడే ప్రమాదం జరిగింది. మూడు ఫందాలు జారాయి. రెండు పట్టుకున్నాను, మూడోది నా కళ్ళ ముందే కిందికి దిగుతూ పోయింది. జారిన ఫందా నిచ్చెన మెట్లు వదిలినట్టు ఒక్కో వరసకీ ఒక్కో అడ్డపోగు వదులుతూ పోతుంది. మామూలు స్వెట్టర్‌లో అన్ని మెట్లూ ఒకే రంగు. నాది చారలది కదా, నీలం ఆరు వరసలు, మీగడ రంగు నాలుగు, మెరూన్ రెండు, మళ్ళీ నీలం. పై నుంచి మీగడ రంగు మెట్లు నాలుగు, నీలం ఆరు, మెరూన్ మీద ఒకటి దిగి ఆగింది. పదకొండు మెట్లు. గుండె దడదడలాడింది, ఊపిరి గట్టిగా వదిలినా ఇంకోటి జారుతుందేమోనని భయం. వేలితో కింద నొక్కిపట్టి, ఇంకో చేత్తో కుట్టుపని డబ్బా వెతికితే అమ్మ లేసు సూది తగిలింది, ఎప్పుడో నరసాపురం నుంచి తెచ్చుకున్నది. స్టీలుది, అగ్గిపుల్ల కంటే సన్నం. పిడి దగ్గర అమ్మ వేలు ఆనే చోటు అరిగి నున్నగా ఉంది.

అంత సన్నటి కొక్కెంతో లావు ఊలు ఎత్తడం తేలిక కాదు. పోగు మొత్తం పట్టుకోకపోతే దారం చీలి, సగం పైకి వచ్చి సగం వెనకే ఉండిపోతుంది. మెరూన్ మెట్టుకి రెండుసార్లు అలాగే అయింది. మూడోసారి కొక్కెం మూతి కిందికి తిప్పి, మెట్టు వెనక నుంచి దూర్చి, పోగు మొత్తం కొక్కెంలో పడిందని వేలితో తడిమి చూసుకున్నాకే లాగాను. మెరూన్ ఒకటి, నీలం ఆరు, మీగడ నాలుగు. రంగు మారే చోటల్లా నేను ఎక్కడున్నానో తెలిసేది, ఒక్క మెట్టు దాటేసినా ఆ రంగులో లెక్క తప్పేది కాబట్టి వెంటనే పట్టుబడేది. అరగంట పట్టింది. పై దాకా తెచ్చి సూది మీద వేశాక చూస్తే, ఎక్కడ జారిందో నాకే కనిపించలేదు. చారల స్వెట్టర్ కష్టం అంటారు గానీ, నా దృష్టిలో కొత్తగా నేర్చుకునేవాళ్ళకి చారల్ని మించిన గురువు లేదు.

తర్వాత చంక లెక్క. ఎలాగా అని రెండు రోజులు తల పట్టుకున్నాక ఎడమ భాగం తీసి నేల మీద బోర్లా పరిచాను. అంతా అందులోనే ఉంది. చారలు లెక్కపెడుతూ పోతే కనిపించింది: 52 ఫందాలు, చంక దగ్గర ఆరు మూశాను, తర్వాత వరస విడిచి వరసకి ఒకటి చొప్పున ఆరు తగ్గించాను, 40 మిగిలాయి. దాన్నే అద్దంలో చూసినట్టు కుడి వైపుకి తిప్పి చేయడమే. 21 ఏళ్ళు ఆ లెక్క అదే గలీబులో, ఆగిపోయిన ముక్క పక్కనే ఉంది. మీది కూడా ముందు పూర్తయిన ముక్కలు తీసి లెక్కపెట్టండి. విప్పేస్తే ఊలుతో పాటు ఆ లెక్క కూడా పోతుంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. వయసుతో చెయ్యి మారుతుంది. అప్పుడు నా చేతికి నాలుగు అంగుళాలకి 22 ఫందాలు వచ్చేవి, ఇప్పుడు చిన్న ముక్క అల్లి కొలిస్తే 24 వచ్చాయి. అంటే బిగుతుగా అల్లుతున్నాను. దీన్నే అల్లికలో టెన్షన్ అంటారు. సరిచేయడానికి లావు సూదికి, అంటే ఎనిమిదో నంబరుకి మారాను. మన పాత నంబర్లలో అంకె తగ్గేకొద్దీ సూది లావు. అమెరికావాళ్ళది తలకిందులు, అంకె పెరిగేకొద్దీ లావు. మన ఎనిమిది అంటే 4 మిల్లీమీటర్లు, వాళ్ళ ఎనిమిది 5. వీడియో చూసి ఎనిమిది అని ఆర్డర్ పెడితే తాళ్ళు అల్లుకునే సూదులు వచ్చాయి. వీడియోలు చేసేవాళ్ళు మిల్లీమీటర్లు చెప్పొచ్చు కదా, నోరేం అరిగిపోదు. మీరు సూది కొనేటప్పుడు అంకె వదిలేసి మిల్లీమీటర్లే చూడండి.

ఊలు విషయం. మీగడ రంగు చాలలేదు. ఊలు ఉండ చుట్టూ ఉండే కాగితం మీద రంగు నంబరుతో పాటు లాట్ నంబరు ఉంటుంది, అద్దకం మారితే అదే రంగు కూడా తేడా కొడుతుంది. పైగా నా పాత ఊలు పసుపు తిరిగింది. ముందు పాత ముక్కలన్నీ ఉతికి ఆరేశాకే కొత్తది పక్కన పెట్టి చూశాను, తేడా సగం తగ్గింది. మిగతా తేడాకి ఉపాయం ఏమిటంటే, కొత్త ఊలు ముక్క మధ్యలో మొదలుపెట్టకూడదు, కుట్టు పడే చోటే మొదలుపెట్టాలి. రెండు చేతులకీ కొత్త మీగడ వాడాను, ఒంటికి పాతదే. భుజం దగ్గర కుట్టు ఉంది కాబట్టి కంటికి తగలదు. హైదరాబాదులో ఊలు కొట్లు వెతుక్కోవాల్సి వస్తోంది, దొరికిన చోట కూడా పసిపిల్లల టోపీలకి పనికొచ్చే లేత రంగులే పెడుతున్నారు. నీలం కోసం మూడు కొట్లు తిరిగాను. చలికాలంలో టిబెటన్లు పెట్టే దుకాణాల్లో ఆరొందలకి మంచి స్వెట్టర్ వస్తుంది కదా, ఇదంతా ఎందుకు అని మా ఇంట్లోనే అన్నారు. వస్తుంది. అందులో మా అమ్మ చెయ్యి పొడవుకి అల్లినది ఉండదు.

ఆ పొడవు కూడా మారింది. అప్పటి కొలతకి చేతులు 17 అంగుళాలు. మరదలితో టేపు పెట్టి కొలిపిస్తే ఇప్పుడు 15 చాలు అని తేలింది. 81 ఏళ్ళకి అమ్మ అన్ని వైపుల నుంచీ తగ్గింది. స్వెట్టర్ చేతులు రాత్రి భోజనాలయ్యాక అల్లేదాన్ని, రోజుకి నాలుగు వరసలు, ఒక్కోరోజు రెండే. ఏప్రిల్, మే నెలల్లో చెమటకి ఊలు వేళ్ళకి అంటుకుంటుంటే పక్కన పెట్టేశాను. ఈ చేతులకి రంగు మారినప్పుడల్లా దారం తెంపకుండా అంచు వెంట పైకి తీసుకుపోయాను, ప్రతి చారకీ సరి సంఖ్య వరసలు ఉంటే దారం మళ్ళీ అదే అంచుకి వస్తుంది కాబట్టి కుదురుతుంది. పాత మూడు ముక్కల్లో అది తెలియక ప్రతి చారకీ తెంపేశాను. ఫలితం 182 కొసలు. ఒక్కొక్కటీ మొద్దు సూదిలో ఎక్కించి వెనక వైపు దాచాలి. రోజుకి ఇరవై చొప్పున చేశాను, అంతకు మించి చేస్తే కళ్ళు లాగేస్తాయి.

పెద్దవాళ్ళకి తల మీంచి తొడిగే స్వెట్టర్లు కొనిపెట్టకండి. చేతులు పైకెత్తలేరు, మనం లాగుతుంటే భుజం నొప్పి పుట్టినా పైకి చెప్పరు. ముందు తెరుచుకునేదే కావాలి. చీర మీదకి కాబట్టి నడుము దాకా చాలు, జాకెట్ చెయ్యి మీద పట్టేయకుండా వదులుగా ఉండాలి. గుండీలు ముందు మామూలువే కుట్టాను, అమ్మ వేళ్ళు వంగడం లేదని మరదలు చెప్పాక అవి పైకి అందానికి ఉంచి, కింద పెద్ద టిచ్ బటన్లు వేశాను.

నరసాపురంలో చలెక్కడిది అంటారు. 1999లో అమ్మా అదే అంది, "నాకెందుకే ఇది, మన ఊళ్ళో చలేముంది" అని. ఆ ఏడు నాన్నకి బాగోక ఢిల్లీ కూడా రాలేకపోయింది. ఇప్పుడు డిసెంబరు తెల్లారగట్ల దుప్పటి కప్పుకుని వంటింట్లో కూర్చుంటోంది. తొడిగాను. పమిట స్వెట్టర్ లోపలికి పోయిందని బయటికి లాగి పైన వేసుకుంది, అలా కాకపోతే ఆవిడకి కుదరదు. స్వెట్టర్ ఒంటి భాగం కాస్త వదులైంది, చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. బాగుందనలేదు. ముందు అంచు తిప్పి వెనక వైపు చూసింది, వేలితో తడుముతూ చార చారకీ కిందికి దిగింది. నాలుగో మెరూన్ చార దగ్గర ఆగి, "ఇక్కడ కొస వదిలేశావే, నా సూది ఏదీ?" అంది. బ్యాగులోంచి తీసి ఇచ్చాను.