జేమీ మార్పు కంటే థియాన్ మార్పును నేనెందుకు ఎక్కువ నమ్ముతాను

ఘోరమైన తప్పులు చేసిన పాత్రను ఫాంటసీ సీరియల్ చివరికి మంచివాడిగా నిలబెడితే ప్రేక్షకుడు ఒప్పుకోవాలా, అలా మిమ్మల్ని ఒప్పించిన పాత్ర ఏదైనా ఉందా అని అడిగారు. ఉంది. 2011 నుంచి 2019 వరకు ఎనిమిది సీజన్లుగా వచ్చిన గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో థియాన్ గ్రేజాయ్ నన్ను పూర్తిగా ఒప్పించాడు; ఎక్కువమంది మెచ్చుకునే జేమీ లానిస్టర్ మాత్రం సగమే ఒప్పించాడు. చివరి సీజన్ సంగతులు చెప్పకుండా దీనికి కారణం వివరించలేను కాబట్టి, ఇంకా చూడనివారు ఇక్కడితో ఆగడం మంచిది.

తిరుగుబాటు చేసి ఓడిపోయిన తండ్రి మళ్లీ తల ఎత్తకుండా ఉండేందుకు బందీగా తెచ్చిన పిల్లవాడు థియాన్. ఉత్తరాదిని ఏలే స్టార్క్‌ల ఇంట్లో, వాళ్ల పిల్లలతో కలిసి పెరిగాడు. రెండో సీజన్‌లో, ఆ ఇంటి పెద్ద కొడుకు రాబ్ స్టార్క్ యుద్ధంలో ఉన్న సమయం చూసి, తాను పెరిగిన వింటర్‌ఫెల్ కోటనే ఆక్రమించుకున్నాడు. ఆ కోటలో కుర్రవాళ్లకు ఆయుధవిద్య నేర్పిన రోడ్రిక్ కాసెల్ తల స్వయంగా నరికాడు. తప్పించుకున్న రాబ్ తమ్ముళ్లు బ్రాన్, రికన్ దొరక్కపోవడంతో ఇద్దరు అనాథ పిల్లలను చంపించి, గుర్తుపట్టకుండా కాల్పించి, వీళ్లే ఆ రాకుమారులని కోటలో వేలాడదీయించాడు. ఆ తర్వాత రామ్సే బోల్టన్ చేతికి చిక్కి, తన పేరు కూడా తాను పలకలేని స్థితికి చేరాడు.

అంతటి చిత్రహింస అనుభవించాడు కాబట్టి అతని పాపం తీరిపోయిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. శిక్ష పడటం వేరు, పశ్చాత్తాపపడటం వేరు. రామ్సే అతన్ని హింసించింది ఆ ఇద్దరు పిల్లల కోసం కాదు. ఆ హింస వల్ల మనకు థియాన్ మీద జాలి కలుగుతుంది గానీ, అతని బాకీ ఒక్క పైసా కూడా తీరదు.

ఈ తేడా నాకు తెలిసింది సీరియల్ చూసి కాదు. మా మేనమామ తాగుడుకు బానిసై, మా అమ్మకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలాన్ని అమ్మేసుకున్నాడు. కొన్నేళ్లకు జబ్బు చేసి, చావు దాకా వెళ్లి వచ్చి, తాగుడు పూర్తిగా మానేశాడు. బంధువులంతా దేవుడే శిక్ష వేశాడు, మనిషి మారాడు, ఇంకా ఎందుకు పంతం అని అమ్మకు నచ్చజెప్పబోయారు. "అన్నయ్య మానేశాడు, నాకూ సంతోషమే. మరి నా పొలం సంగతి నాతో ఎప్పుడు మాట్లాడతాడు?" అని మాత్రం ఆమె అడిగేది. చాలాకాలం తర్వాత ఆయన మా ఇంటికి వచ్చి, నాన్న ఎదుటే, అది తిరిగి ఇవ్వగల స్తోమత తనకు లేదని, క్షమించమని అడగడానికి రాలేదని, చేసింది తానేనని ఆమె ముఖం చూసి చెప్పడానికే వచ్చానని అన్నాడు. అమ్మ మళ్లీ పుట్టింటి గడప తొక్కింది ఆ తర్వాతే.

ఆరో సీజన్ రెండో ఎపిసోడ్‌లో థియాన్ రాబ్ చెల్లెలు సాన్సాతో, తనకు క్షమాపణ అక్కర్లేదని, మీ కుటుంబానికి చేసినదాన్ని ఎన్నటికీ సరిదిద్దలేనని చెప్పినప్పుడు నాకు మా మామయ్యే గుర్తుకొచ్చాడు. అంతకుముందే అతను ఆమెను రామ్సే నుంచి తప్పించడానికి కోటగోడ మీది నుంచి ఆమెతో కలిసి దూకాడు. అంత ఉపకారం చేసి కూడా దాన్ని బాకీలో జమ చేయమని అడగలేదు. ఏడో సీజన్ చివర, స్టార్క్‌ల ఇంట్లోనే పెరిగిన జాన్ స్నో అతనికిచ్చిన జవాబును ఇంకా గొప్పగా రాశారు. అన్నిటినీ క్షమించే హక్కు తనకు లేదని, తాను క్షమించగలిగినంత మేరకు క్షమిస్తున్నానని అంటాడు. ఎవరికి జరిగిన అన్యాయాన్ని వాళ్లే క్షమించగలరన్న ఈ మాట ఫాంటసీ కథల్లో చాలా అరుదు. మన అజామిళుణ్ణి కాపాడింది కూడా నారాయణ నామమే తప్ప, అతను వదిలేసిన భార్య కాదు కదా.

ఇక జేమీ. మొదటి ఎపిసోడ్‌లోనే పదేళ్ల బ్రాన్‌ను కిటికీలోంచి తోసేశాడు. మూడో సీజన్‌లో చెయ్యి పోగొట్టుకున్నాక, హారెన్‌హాల్ కోట స్నానఘట్టంలో యోధురాలు బ్రియెన్‌కు తాను పిచ్చిరాజు ఏరిస్‌ను ఎందుకు చంపాడో చెప్పే సన్నివేశం అద్భుతం. నగరాన్ని కాల్చి బూడిద చేయమన్న రాజును ఆపినందుకే లోకం అతన్ని రాజహంతకుడని తిట్టిపోసింది. అయితే ఆ సన్నివేశం మార్చింది అతని మీద మనకున్న అభిప్రాయాన్ని. బ్రాన్ సంగతి అక్కడ అసలు రాదు. జేమీ మంచితనమంతా బ్రియెన్ ఎదుట, ఆమె గౌరవం కోసం పెరిగినదే. అందుకే ఎనిమిదో సీజన్‌లో ఆమెను వదిలి, తన కవల సోదరీ ప్రియురాలూ అయిన సెర్సీ దగ్గరికి వెళ్లిపోవడం చాలామందికి కథకు చేసిన ద్రోహంలా తోచినా, నాకు పెద్ద ఆశ్చర్యం కలగలేదు. అతను బ్రాన్‌కు క్షమాపణ చెప్పిన మాట నిజమే, కానీ అప్పటికి బ్రాన్ దివ్యదృష్టి పొంది కోపతాపాలకు అతీతుడైపోయాడు. ఆ క్షమాపణను అందుకుని బాధపడటానికి గానీ కాదనడానికి గానీ అక్కడ మనిషంటూ మిగల్లేదు.

థియాన్ కథలోనూ ఒక లోటు ఉంది, దాన్ని దాచను. ఆ ఇద్దరు అనాథల తరఫున అడిగేవారు ఎవరూ లేరు, అతను బాకీ తీర్చిందంతా స్టార్క్‌లకే. రచయితలు ఎక్కడో ఒకచోట వాళ్లను మళ్లీ తలచుకుని ఉండాల్సింది.

ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడాలంటే ఎనిమిదో సీజన్ రెండో ఎపిసోడ్ చాలు. జేమీ చెట్టు కింద బ్రాన్‌ను కలవడం, థియాన్‌ను చూసి సాన్సా కన్నీళ్లతో కౌగిలించుకోవడం, ఒకప్పుడు నీ నుంచి ఈ కోటను లాక్కున్నాను, ఇప్పుడు నిన్ను కాపాడనివ్వమని థియాన్ బ్రాన్‌ను అడగడం, మూడూ అందులోనే ఉన్నాయి.